కాన్సరు పిల్లలకూ వేసవి సెలవులు

(ఎలక్ట్రానిక్ సిటీ తెలుగు కుటుంబాల ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 ఈ ఉపన్యాసం ఎప్పుడు ముగుస్తుందా, తమ నాటిక ఎప్పుడు మొదలవుతుందా అని ముందు వరుసలో కూర్చుని ఎదురు చూస్తున్న చిన్నారులకు ఆశీస్సులు. వారి సహనాన్ని ఎక్కువసేపు పరీక్షించను.

పంచాంగ శ్రవణం ఇప్పుడే అయినది. ఈ ఏటి పేరు పరాభవ. ఆ పేరు వినగానే కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం గమనించాను. జంకవలసిన పని లేదు. పరాభవం ఎవరికి జరగాలన్నది పంచాంగం చెప్పలేదు గదా! పరాభవం పొందదగిన శత్రువు నొకదానిని ఈ సాయంత్రం మీకు చూపిస్తాను. అది పిల్లలకు వచ్చే కాన్సరు.

కిందటి పరాభవ నామ సంవత్సరం 1966లో వచ్చింది. ఆనాడు రక్త కాన్సరు సోకిన పిల్లలలో బతికి బట్టకట్టినవారు, ఎంత గొప్ప దేశంలోనైనా సరే, చాలా అరుదు. తల్లిదండ్రులకు డాక్టర్లు చెప్పగలిగినది నెలల లెక్కే. అరవై యేళ్ళు తిరిగి ఆ పేరు మళ్ళీ వచ్చేసరికి పరిస్థితి తలక్రిందులయింది. పిల్లలలో అన్నిటికన్న ఎక్కువగా కనిపించే లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రక్త కాన్సరులో, మంచి వైద్యం పూర్తిగా అందే దేశాలలో, పదిమందిలో తొమ్మిదిమంది వరకు బతుకుతున్నారు. ఒక మనిషి షష్టిపూర్తి చేసుకునేంత కాలంలో ఇంత మార్పు వచ్చిన జబ్బులు ఎక్కువ లేవు.

రాబోయే వేసవి సెలవులలో, కాన్సరు చికిత్స పొందుతున్న పిల్లల కొరకు, చికిత్స ముగించుకొని కోలుకుంటున్న పిల్లల కొరకు ఒక శిబిరం నడపడానికి మన సంఘం చేయూత ఇవ్వాలా, ఇస్తే ఏ విధంగా ఇవ్వాలి అన్నది నాకు అప్పగించిన విషయం. శిబిరమంటే ఆటపాటలు, కథలు, బొమ్మలు, భోజనం. అంతే. జబ్బు పిల్లలకు ఇవన్నీ ఎందుకని మీలో కొందరికి తోచవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పడానికే లేచి నిలబడ్డాను.

మనం నిత్యం తిరిగే హోసూరు రోడ్డును ఒకసారి తలచుకోండి. ఆ రోడ్డుకు నగరం వైపు కిద్వాయి స్మారక కాన్సరు ఆసుపత్రి ఉన్నది. స్వాతంత్ర్య యోధులు, కేంద్ర మంత్రిగా పనిచేసిన రఫీ అహమ్మద్ కిద్వాయి గారి పేరున 1973లో వెలసినది. ఇటు బొమ్మసంద్రంలో, మన ఇళ్ళకు కూతవేటు దూరంలో, నారాయణ హెల్త్ సిటీ. దాని ఆవరణలో 2009లో ఏర్పడిన మజుందార్-షా కాన్సరు ఆసుపత్రి. ఈ రెంటికీ నడుమ మన ఎలక్ట్రానిక్ సిటీ. ఉద్యోగాలకు వెళ్ళేవారు ఎత్తు వంతెన మీదుగా పోతారు కాబట్టి క్రింద ఏమున్నదో కనబడదు. ఆ ఆసుపత్రుల వసారాలలో ఒక్క గంట కూర్చుంటే మాత్రం మన మాట చెవిని పడుతుంది. అనంతపురం, హిందూపురం, మదనపల్లి, చిత్తూరు, కడప ప్రాంతాలవారికి పెద్ద వైద్యమంటే హైదరాబాదుకన్న బెంగుళూరే దగ్గర. మనం ఇక్కడికి ఉద్యోగాల కోసం వచ్చాము. వారు బిడ్డను బతికించుకోవడానికి వచ్చారు. ఇద్దరమూ వలస వచ్చినవారమే.

ముందుగా జబ్బును గురించి రెండు ముక్కలు. పిల్లల కాన్సరు వేరు, పెద్దల కాన్సరు వేరు. పెద్దలకు పొగాకు వలన, సారా వలన, వయసు వలన వచ్చే కాన్సర్లు అనేకం. పసిబిడ్డ ఏ దురలవాటు చేసుకున్నది? చాలా భాగం పిల్లల కాన్సర్లకు ఫలానాది కారణమని చూపడానికి లేదు. తల్లి ఏదో తిన్నందువల్లనో, తండ్రి ఏదో చేసినందువల్లనో వచ్చేది కాదు. దిష్టి కాదు, పూర్వజన్మ పాపమూ కాదు. మరొక్క మాట గట్టిగా చెబుతున్నాను: ఇది అంటువ్యాధి కాదు. ప్రక్కన కూర్చుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, ముద్దు పెట్టుకుంటే రాదు. నిజానికి భయపడవలసినది ఆ బిడ్డే. చికిత్సలో దాని వంట్లో తెల్ల కణాలు తగ్గిపోతాయి కాబట్టి మన జలుబు దానికి ప్రమాదం.

ప్రపంచంలో ఏటా 4 లక్షలమంది పిల్లలకు, 19 ఏళ్ళలోపువారికి, కాన్సరు వస్తున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సంపన్న దేశాలలో వీరిలో నూటికి 80మందికి పైగా నయమవుతున్నది. అనేక పేద, మధ్యతరగతి దేశాలలో నూటికి 30మందికన్న తక్కువ. ఒకే జబ్బు, దాదాపు అవే మందులు. ఇంత తేడా ఎందుకు? జబ్బును ఆలస్యంగా పోల్చడం, మందులు దొరకకపోవడం, చికిత్సలో వచ్చే జ్వరాలు, అంటురోగాలు, ఖర్చు, చివరకు చికిత్సను మధ్యలో మానివేయడం. ఈ చివరి కారణాన్ని మనసులో ఉంచుకోండి, మళ్ళీ దానికి వస్తాను. ఈ తేడాను తగ్గించి, 2030 నాటికి ప్రపంచమంతటా నూటికి 60మంది పిల్లలనైనా బతికించాలని ఆ సంస్థ 2018లో పూనుకున్నది.

ఈ మందుల కథలో మన తెలుగువాని చేయి ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో చనిపోయారు. ఆయన వైద్యం చదివి, అమెరికా చేరి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించి, ఆ వ్యాధికి పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని తమ బృందంచేత తయారు చేయించారు. తరువాత ఆ ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా పనిచేసే పదార్థాలను కూడా అదే బృందం తయారు చేసింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. దానిని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త కాన్సరు పిల్లలకిచ్చి చూశారు. 16మంది పిల్లలలో 10మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే, జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. అయినా ఆ జబ్బు ఒక మందుకు లొంగడం లోకం అదే మొదటిసారి చూచింది. ఆ సంగతి 1948 జూనులో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆయన బృందం తయారుచేసిన దానికి దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేటు అనే మందును ఈనాటికీ, ఇక్కడ హోసూరు రోడ్డు మీది ఆసుపత్రులలో సహా, రక్త కాన్సరు పిల్లలకు ఇస్తూనే ఉన్నారు.

ఇంకొక మందు విన్క్రిస్టీను. అది మన పెరళ్ళలో, దేవాలయాల ప్రక్కన విరగబూసే బిళ్ళగన్నేరు మొక్కనుండి తీసినది. 1963లో అమెరికాలో వాడకానికి ఆమోదం పొందినది. అట్లాగని బిళ్ళగన్నేరు ఆకు నూరి ఎవరికీ పోయకండి. అది విషం. మోతాదు ఎరిగి, సూదిమందుగా, ఆసుపత్రిలో ఇవ్వవలసినదే.

మందులున్నాయి. అయితే వాటితో ప్రయాణం ఎంత దూరమో చూడండి. రక్త కాన్సరు చికిత్స మామూలుగా రెండు నుంచి మూడు సంవత్సరాలు సాగుతుంది. నాలుగేళ్ళ పిల్లవానికి అది బుద్ధి తెలిసిన జీవితమంతా. తల్లి బిడ్డతో ఆసుపత్రి ప్రక్క గదిలోనో, ధర్మశాలలోనో ఉంటుంది. తండ్రి నాలుగు రోజులుండి, కూలి పోతుందని ఊరికి వెళతాడు. ఇంటివద్ద ఇంకొక బిడ్డ అవ్వ దగ్గర పెరుగుతూ, అమ్మ తమ్ముణ్ణే ఎందుకు తీసుకుపోయిందో అర్థంగాక అలుగుతూ ఉంటుంది. చికిత్సలో ఉన్న పిల్లవానికి బడి పోతుంది. స్నేహితులు పోతారు. నోరు పూసి అన్నం రుచించదు. జుట్టు ఊడిపోతుంది.

ఆ బోడితల చూసి బస్సులో ఎవరో ఆప్యాయంగానే అడుగుతారు, "ఏం నాయనా, తిరుపతి గుండా?" అని. తల్లి అవునన్నట్లు తల ఊపుతుంది. నిజం చెబితే ఆ మనిషి ప్రక్క సీటుకు జరుగుతాడేమోనని ఆమె భయం. ఆ తల ఊపడం పిల్లవాడు చూస్తాడు. తన జబ్బు పైకి చెప్పకూడనిదన్న సంగతి వాడికి ఆ విధంగా తెలుస్తుంది. ఏ మందూ దీనికి పనిచేయదు. తనలాంటి బోడితలలు పాతిక ఒకచోట చేరి కేరింతలు కొడుతుంటే చూచిన రోజున మాత్రం ఈ బరువు కొంత దిగుతుంది.

ఈ సంగతిని ఒక చిన్న పిల్లే లోకానికి నేర్పింది. 1979లో అమెరికాలోని రాచెస్టరు నగరంలో గ్యారీ మెర్విస్ అనే ఆయన తొమ్మిదేళ్ళ కూతురికి మెదడులో కాన్సరు గడ్డ కనిపించింది. తన వంటి పిల్లలు ఆమెకు చుట్టుప్రక్కల కనబడలేదు. అటువంటి పిల్లలు కలుసుకొనే వేసవి శిబిరం ఒకటి ఉండాలని ఆ తండ్రికి తోచింది. ఆ శిబిరం ఈనాటికీ నడుస్తున్నది. 1983లో ఆస్ట్రేలియాలో క్యాంప్ క్వాలిటీ అనే సంస్థ పుట్టింది. 1988లో సినిమా నటుడు పాల్ న్యూమన్ కనెక్టికట్ రాష్ట్రంలోని ఆష్‌ఫర్డ్‌లో, పెద్ద జబ్బులున్న పిల్లలకోసం ఒక శిబిరం కట్టించాడు. 1994లో ఐర్లండులోని బారెట్స్‌టౌన్ అనే పాత కోటలో మరొకటి వెలసింది. వీటిలో పిల్లల తల్లిదండ్రులవద్ద డబ్బు తీసుకోరు.

పాల్ న్యూమన్ ఆ డబ్బు కొంత ఎక్కడనుండి తెచ్చాడో తెలుసునా? పచ్చికూరల ముక్కలమీద పోసుకొనే పులుసువంటి ద్రవాన్ని సీసాలలో పోసి అమ్మి తెచ్చాడు. 1982లో మొదలుపెట్టిన ఆ వ్యాపారంలో వచ్చే లాభమంతా దానధర్మాలకే. పచ్చికూరల పులుసు అమ్మి వారు శిబిరాలు నడపగలిగితే, ఏటా వేసవిలో ఆవకాయ పట్టే మన ఇళ్ళు చేతులు ముడుచుకొని కూర్చోవలసిన అవసరం నాకు కనబడదు. నవ్వుతున్నారు గాని, నేను పరిహాసానికి అనలేదు. కార్యవర్గంలోని సోదరీమణులు ఈ విషయం ఆలోచించాలని కోరుతున్నాను.

ఇప్పుడు మొదట అనుకొన్న ప్రశ్నకు వస్తాను. "మందులకే డబ్బు చాలని ఇళ్ళకు ఆటల శిబిరమేమిటి? ఆ రూపాయలు మందులకే ఇవ్వరాదా?"

మందుకు కావలసిన డబ్బును శిబిరానికి మళ్ళించమని నేను చెప్పను. అటువంటి పని ఎవరు చేసినా తప్పే. ఒక బిడ్డ చికిత్స డబ్బు లేక ఆగిపోతుంటే ముందు అది చూడవలసినదే. అయితే ఒక ఉగాది సభలో మనం పోగుచేయగల మొత్తం ఒక్క బిడ్డ వైద్యానికైనా చివరిదాకా సరిపోతుందన్న నమ్మకం లేదు. వైద్యం ఖర్చు ప్రభుత్వ పథకాలు, పెద్ద ధర్మ సంస్థలు మోయవలసిన బరువు. 2007లో మన ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలయింది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దానిని బెంగుళూరు, చెన్నై, హైదరాబాదు నగరాలలోని కొన్ని ఆసుపత్రులకు విస్తరించింది. నియమాలు మారుతుంటాయి. కాగితాలు తెలియక, ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియక తిరిగే కుటుంబానికి తోడు వెళ్ళి, అడిగి, దరఖాస్తు నింపిపెట్టడం మన చదువుకున్న యువకులకు ఒక పూట పని. అది చేస్తే మన చందా ఇవ్వగల దానికన్న ఎక్కువ డబ్బు ఆ ఇంటికి చేకూరుతుంది.

మరి శిబిరం ఎందుకు? చికిత్స మధ్యలో మానివేయడం గురించి చెప్పాను, జ్ఞాపకమున్నదా? అందరూ డబ్బు లేకే మానరు. కొన్ని నెలలకు జ్వరాలు తగ్గి, ముఖం తేటపడి, పిల్లవాడు గంతులు వేస్తాడు. "నయమయిందిగదా, ఇంకెందుకీ సూదులు?" అని ఊళ్ళోవాళ్ళంటారు. అలసిపోయిన తల్లికి ఆ మాట తీపిగా ఉంటుంది. తిరుగు ప్రయాణం ఆపేస్తారు. కనబడకుండా మిగిలిన జబ్బు తిరిగి వస్తుంది. ఇక్కడ డాక్టరు పదిసార్లు చెప్పినదానికన్న, "మావాడికీ అట్లాగే ఉండేది, మూడేళ్ళూ పూర్తి చేశాం, ఇప్పుడు ఏడో తరగతి చదువుతున్నాడు" అని మరొక తల్లి తన భాషలో చెప్పే మాట బాగా నాటుతుంది. ఆ తల్లిని ఈ తల్లి ఎక్కడ కలుసుకోవాలి? ఆసుపత్రి వరుసలో ఎవరి దిగులు వారిది. పిల్లలు ఆడుకొనేచోట, చెట్టు క్రింద కూర్చున్న పెద్దలకు ఒకరితో ఒకరికి మాట కలుస్తుంది.

శిబిరం కాన్సరును నయం చేస్తుందని నేను అనడం లేదు. నయం చేసేది మందే. అయితే మందు మింగవలసినది ఒక మనిషి పిల్ల. ఆ పిల్లకు రేపటి మీద కాస్త ఇష్టం మిగలాలి. దానికి తోటిపిల్లలు కావాలి.

ఇక మనం చేయగలిగినది. మొదటి ఏడు రాత్రి బసలు వద్దు. ఉదయం నుండి మధ్యాహ్నం వరకు జరిగే పగటి శిబిరం, నాలుగైదు రోజులు చాలు. ఏ పిల్లవాడు రావచ్చునో, ఎవరు రాకూడదో చెప్పవలసినది ఆసుపత్రి డాక్టర్లే. మన ఉత్సాహం కాదు. రక్త పరీక్ష చూసి వారు పంపినవారే వస్తారు. శిబిరంలో నర్సు ఉండాలి, ఆసుపత్రికి చేర్చే బండి గుమ్మంలో ఉండాలి. చికిత్సలో ఉన్న బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం కనబడితే అది మామూలు జ్వరం కాదు. మాత్ర వేసి చూద్దామనకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చవలసినదే.

కార్యకర్తలలో ఎవరికి జలుబు, దగ్గు ఉన్నా ఆ రోజు ఇంటివద్దనే ఉండిపోవాలి, చిన్నబుచ్చుకోరాదు. మన పిల్లలు ఆటలకు తోడుగా వస్తామంటే మంచిదే గాని, వారి టీకాలన్నీ పూర్తయి ఉండాలి. ఆటలమ్మ, తట్టు వంటివి మన బిడ్డలకు వారం రోజుల బాధ, వారికి ప్రాణాంతకం. వారి వంట్లో మందు గొట్టం అమర్చి ఉంటే నీటి ఆటలు వద్దు. మెథోట్రెక్సేటు వంటి మందులు వాడేవారి చర్మం ఎండకు త్వరగా కందుతుంది. ఏప్రిలు ఎండ బెంగుళూరులో కూడా తక్కువది కాదు కాబట్టి నీడపట్టున ఆడించాలి.

భోజనం సంగతి మన ఇల్లాండ్రకు చెప్పేదేమున్నది! అప్పుడే వండినది, వేడివేడిగా. కాచి చల్లార్చిన నీళ్ళు. వొలుచుకు తినే పండ్లు. బజారు చిరుతిండి, పచ్చి కొత్తిమీర పచ్చడి, నిలవ పెరుగు వద్దు. ఇందాక మనమందరం ఆనందంగా తిన్న ఉగాది పచ్చడిలో పచ్చి మామిడి, వేపపూత ఉన్నాయి గనుక అది సైతం డాక్టరును అడిగే పెట్టాలి.

ఆటలకు మనవద్ద కొరత లేదు. నడవలేని రోజున కూడా ఆడగలిగినవి అష్టాచెమ్మ, పులిజూదం, వైకుంఠపాళి. వైకుంఠపాళిలో పాము మింగి క్రింద పడ్డవాడు మళ్ళీ నిచ్చెన ఎక్కడం ఈ పిల్లలకు ఎవరూ బోధించనక్కరలేదు. వారికి మనకన్న బాగా తెలుసు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కళాకారులున్నారు. వారిచేత ఒక ఆట ఆడిస్తే, ఆ సీమనుండి వచ్చిన బిడ్డలకు ఇల్లు చేరినట్లుంటుంది. ఎముక కాన్సరుతో కాలు పోయిన బిడ్డ ఉంటే వానిని ప్రక్కన కూర్చోబెట్టి జాలిపడకుండా, వాడు కూడా ఆడగలిగేటట్లు ఆట నియమం మార్చడం మన తెలివికి పరీక్ష.

ఒక్క విషయంలో మన మనసు విశాలం కావాలి. శిబిరం తెలుగు పిల్లలకు మాత్రమే అనకూడదు. అక్కడ కన్నడ బిడ్డలుంటారు, తమిళ బిడ్డలుంటారు, బెంగాలు, అస్సాం నుండి వచ్చినవారూ ఉంటారు. ఈ నేల మనకు అన్నం పెడుతున్నది. కన్నడ బిడ్డను కాదని తెలుగు బిడ్డను ఆడించడం మర్యాద కాదు. తెలుగు వచ్చిన కార్యకర్త ఉంటే తెలుగు బిడ్డకు నోరు విచ్చుకుంటుంది. అదే మన ప్రత్యేక కానుక. మిగతావారికి ఆటే భాష. అట్లాగే జబ్బు బిడ్డతోపాటు అన్ననో, చెల్లెలినో రానివ్వాలి. ఇంట్లో మరపుకు వచ్చిన ఆ బిడ్డకు కూడా ఒక పూట మర్యాద జరగాలి.

పిల్లలతో మాట్లాడే తీరు కూడా నేర్చుకోవాలి. "ఏ జబ్బమ్మా? ఎన్నాళ్ళనుంచి? తగ్గుతుందన్నారా?" ఈ ప్రశ్నలు వద్దు. "ఏరా చిన్నా, నీ పులి ఎక్కడ?" అంటే చాలు. ఫోటోలు తీయరాదు. ఈ సంచికలో వేసుకోవడానికి కూడా తీయరాదు. వేదిక ఎక్కించి, పెద్దలచేత బహుమతులిప్పించి, చప్పట్లు కొట్టించడం అసలే వద్దు. ఏ బిడ్డతోనూ ఒక పెద్దమనిషి ఒంటరిగా ఉండరాదన్న నియమం పెట్టుకోవాలి. ఎంత మంచివారికైనా ఇది వర్తించాలి.

అన్నిటికన్న ముఖ్యమైనది, ఒక్క ఏడు చేసి మానుకొనేటట్లయితే మొదలుపెట్టవద్దు. చికిత్స మూడేళ్ళు సాగుతుందని చెప్పుకున్నాము. మన మాట కూడా మూడేళ్ళు నిలవాలి. ముంబయిలో 2006లో మొదలైన సెయింట్ జూడ్ ఇండియా సంస్థ, చికిత్సకు వచ్చిన పిల్లల కుటుంబాలకు ఉచితంగా బస ఇచ్చి, అక్కడే చదువు, ఆట ఏర్పాటు చేస్తూ హైదరాబాదు, విశాఖపట్టణం వరకు విస్తరించింది. అంత పని మనవల్ల కాదు. వారినుండి నేర్చుకోవలసినది ఆ నిలకడ. శిబిరం డబ్బుకు వేరే ఖాతా, వేరే లెక్క ఉండాలి. వచ్చే ఉగాది సభలో పైసాతో సహా చదివి వినిపించాలి.

శిబిరానికి రాలేనివారు నొచ్చుకోవద్దు. ఈ పిల్లలకు తరచు ప్లేట్‌లెట్లు ఎక్కించవలసి వస్తుంది. వాటిని ఐదు రోజులకు మించి నిలువ ఉంచడానికి లేదు. అందుచేత ఒక్క రోజు రక్తదాన శిబిరం పెట్టి వందమంది ఒకేసారి ఇచ్చేకన్న, పిలిచిన రోజున ఒక్కొక్కరుగా వెళ్ళి ఇచ్చే పాతికమంది ఎక్కువ ఉపయోగం. ఎలక్ట్రానిక్ సిటీలో ఆరోగ్యవంతులైన యువకులకు కరువు లేదు. పేర్ల జాబితా ఒకటి తయారైతే చాలు.

ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. ఈ శిబిరానికి వచ్చిన పిల్లలందరూ మరుసటి ఏడు రారు. కొందరు నయమై, బడికి పోతూ, మనల్ని మరచిపోయి రారు. అది మనకు పండుగ. కొందరు మరి ఎన్నటికీ రారు. ఈ సంగతి తెలిసి, గుండె దిటవు చేసుకొని రాగలిగినవారే కార్యకర్తలుగా పేరివ్వండి. ఆ దుఃఖం భరించలేమని దూరంగా ఉండడం మన ఇష్టం. ఆ తల్లికి మాత్రం అటువంటి ఇష్టాయిష్టాలు లేవు. ఏ బిడ్డకు ఎన్ని వేసవులున్నవో ఎవరమూ ఎరగము. ఉన్న వేసవి వేసవిలాగా గడవాలి. అందులో సెలవులు ఉండాలి, అల్లరి ఉండాలి, మధ్యాహ్నం అలసి నిద్రపోవడం ఉండాలి. దీర్ఘాయువు వచ్చేదాకా బాల్యం ఆగి ఉండదు గదా!

1948లో ఫార్బర్ మందిచ్చిన ఆ పిల్లలకు దక్కినది కొద్ది నెలలే. ఆ కొద్ది నెలలూ వృథా అని ఆనాటివారు తలచి ఉంటే ఈనాడు పదిమందిలో తొమ్మిదిమంది బతికేవారు కారు. భీమవరం బిడ్డ ఒకడు దూర దేశంలో కూర్చుని, తాను ఎన్నడూ చూడబోని పిల్లలకోసం పని చేశాడు. మనకు అంత చదువు, అంత ప్రతిభ లేకపోవచ్చు. మన పిల్లలు మాత్రం రోడ్డుకు ఆ ప్రక్కనే ఉన్నారు.

ద్వారం దగ్గర బల్లమీద రెండు పుస్తకాలు ఉంచారు. ఒకదానిలో శిబిరానికి రాగలవారు, రెండవదానిలో రక్తం, ప్లేట్‌లెట్లు ఇవ్వగలవారు పేర్లు వ్రాయండి. ఇప్పుడే వ్రాయనక్కరలేదు. భోజనం చేసి, ఇంట్లోవారితో మాట్లాడి, మూడేళ్ళు నిలబడగలమని తోస్తేనే వ్రాయండి. ఒకసారి వ్రాసిన పేరు కొట్టివేయవద్దు.

 నాటిక పిల్లలు ఇక తెర వెనుకకు వెళ్ళవచ్చు. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. సెలవు.